పని నేర్పిన ధర్మము: ఆంగ్ల గ్రామముల నుండి హోసూరు వరకు

పదవ తరగతి పరీక్షలు ముగియగానే మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందలి తెలుగు ఇండ్లలో ఒక ప్రశ్న తప్పక పుట్టును. పిల్లవానిని ఇంకను చదివింపవలెనా? లేక ఏదైన పనిలో పెట్టవలెనా? చదివించుటకు సొమ్ము చాలదు. పనిలో పెట్టుటకు మనసొప్పదు. ఇట్టి సంకటము మన తల్లిదండ్రులకు మాత్రమే వచ్చినది కాదు. నాలుగు వందల ఏండ్లకు పైగా అనేక దేశముల పేదలు దీనిని ఎదుర్కొనిరి. వారికి సాయపడవలెనని దాతలు ధర్మనిధులను ఏర్పరచిరి, ప్రభుత్వములు చట్టములను చేసెను. వానిలో కొన్ని పిల్లలను నిలబెట్టినవి, కొన్ని వారిని కూలగొట్టినవి. ఏది యెందువలన జరిగెనో తెలిసికొన్నచో మన ఇంటి ప్రశ్నకు సమాధానము కొంత సులభమగునని మేము తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఆంగ్ల గ్రామములలోని ఏర్పాటు

ఇంగ్లండులో ఒక చర్చికి లోబడిన గ్రామ విభాగమునకు పారిష్ అని పేరు. మన యొద్ద పూర్వము గ్రామమునకు కరణము, మునసబు ఉన్నట్లు, పారిష్‌కు పేదల సంరక్షణను చూచు అధికారులుండిరి. 1601వ సంవత్సరమున ఎలిజబెత్ రాణి కాలమున ఒక చట్టము పుట్టినది. దాని ప్రకారము దిక్కులేని పిల్లలను, పోషింపలేని తల్లిదండ్రుల పిల్లలను ఆ అధికారులు ఇద్దరు న్యాయాధికారుల సమ్మతితో ఒక యజమాని యొద్ద పనికి కుదుర్పవచ్చును. మగపిల్లవాడు ఇరువది నాలుగేండ్లు నిండువరకును, ఆడపిల్ల ఇరువది యొకటి నిండువరకు గాని వివాహమగు వరకు గాని ఆ యజమానికి కట్టుబడి యుండవలెను. మగపిల్లల గడువును 1778లో ఇరువది యొకటికి తగ్గించిరి.

ఇది ప్రభుత్వపు ఏర్పాటు. దీని ప్రక్కనే మరియొక ఏర్పాటు పెరిగినది. అదియే దాతల ధర్మము. సంతానము లేని ఒక రైతో, పట్టణమున ధనమార్జించిన ఒక వర్తకుడో తన మరణశాసనమున కొంత భూమిని పారిష్‌కు వ్రాసియిచ్చును. ఆ భూమి మీద వచ్చు కౌలు సొమ్ముతో ఏటేట ఒకరిద్దరు పేద పిల్లలకు చేతిపని నేర్పింపవలెనని అందులో నియమముండును. చర్చి పురోహితుడును గ్రామ పెద్దలును ధర్మకర్తలుగా నుండి ఆ సొమ్మును వ్యయపరచుదురు. మన యొద్ద సత్రములకును దేవాలయములకును మాన్యములు వ్రాసినట్లే అక్కడ పని నేర్పుటకు మాన్యములు వ్రాసిరన్నమాట. విక్టోరియా రాణి కాలము, అనగా 1837 మొదలు 1901 వరకు, ఇట్టి ధర్మములు అనేక గ్రామములలో నడచుచుండెను.

ధర్మపు సొమ్ము పిల్లవాని చేతికి రాదు. పని నేర్పు యజమానికి పోవును. దానికి ప్రీమియము అని పేరు. ఏడేండ్లు ఒక పిల్లవానిని ఇంట నుంచుకొని, అన్నము పెట్టి, బట్టలిచ్చి, పని నేర్పుటకు ప్రతిఫలముగా యజమాని దానిని పుచ్చుకొనును. పిల్లవానికి జీతము లేకుండుటయే సామాన్యము. మొదటి ఏండ్లలో వాడు పాడుచేయు కొయ్య, ఇనుము యజమానికి నష్టము. చివరి ఏండ్లలో వాడు చేయు మంచి పని యజమానికి లాభము. ఈ రెండును సరిపోవునని ఆనాటి లెక్క.

ఒడంబడిక పత్రము

ఈ కుదురుబాటుకు ఒక పత్రము వ్రాయుదురు. దాని కథ మన విద్యార్థులకు వినోదముగా నుండును. ఒకే కాగితము మీద ఒకే మాటలను రెండుసార్లు వ్రాసి, రెంటి నడుమ కాగితమును రంపపు పండ్లవలె వంకర టింకరగా కత్తిరించెడివారు. ఒక సగము యజమాని యొద్దను, రెండవ సగము పిల్లవాని పక్షము వారి యొద్దను ఉండును. తగవు వచ్చినప్పుడు రెండు సగములను కలిపి చూడవలెను. పండ్లు సరిగా కూర్చున్నచో పత్రము నిజమైనది, లేనిచో దొంగపత్రము. దంతము అను అర్థము గల లాటిను పదమునుండి ఆ పత్రమునకు ఇండెంచరు అను పేరు వచ్చినది.

అందులో ఇరుపక్షముల బాధ్యతలును ఉండును. పిల్లవాడు యజమాని రహస్యములను దాచవలెను, జూదమాడరాదు, సారాయి కొట్లకు పోరాదు, గడువు తీరక మునుపు పెండ్లి చేసికొనరాదు. యజమాని తన విద్యను దాచక నేర్పవలెను, తగిన భోజనమును వసతిని ఇయ్యవలెను. ఇటు ఒక మాట, అటు ఒక మాట. ఒప్పందమనగా ఒకరి చేతులు మాత్రమే కట్టు త్రాడు కాదని ఈ పత్రమును చూచినచో తెలియును.

మేలు యెక్కడ, కీడు యెక్కడ

ధర్మము బాగుగా నడచిన గ్రామములలో కూలివాని కొడుకు వడ్రంగియో, కమ్మరియో, చెప్పులు కుట్టువాడో, బండిచక్రములు చేయువాడో అయ్యెను. కూలికి ఏనాటి కూలి ఆనాటిదే. పని నేర్చినవానికి చేతిలో ఉలి యున్నంతకాలము అన్నమునకు లోటు లేదు. ఒక తరములో ఇంటి స్థితి మారుటకు ఇది చాలినది.

కాని అన్ని చోట్ల ఇట్లు జరుగలేదు. పారిష్ అధికారులలో కొందరికి పిల్లవాని మేలుకంటె గ్రామపు ఖర్చు తగ్గుటయే ముఖ్యమయ్యెను. పిల్లవాడు మరియొక పారిష్‌లో కుదిరినచో వాని భారము తమకు తప్పును. కనుక దూరపు యజమానులకు అప్పగించి చేతులు దులుపుకొనిరి. చాలమందికి వ్యవసాయమని పేరుపెట్టి పశువులు కాయుటయు, ఆడపిల్లలకు గృహకృత్యమని పేరుపెట్టి అంట్లు తోముటయు అప్పగించిరి. పేరు శిక్షణ, జరిగినది ఊడిగము. ప్రీమియము సొమ్మునకే ఆశపడి పిల్లవానిని తీసికొని, సొమ్ము చేతబడిన పిదప వానిని బాధించి పారిపోవునట్లు చేసిన యజమానులును ఉండిరి. చార్లెస్ డికెన్సు 1837లో ప్రకటింప మొదలిడిన ఆలివర్ ట్విస్ట్ నవలలో అనాథ బాలుని తీసికొనువారికి ఐదు పౌనులు ఇత్తుమని పారిష్ వారు ప్రకటించిన ఘట్టము ఈ దురాచారమును ఎత్తిచూపినదే.

నూలు మిల్లులు లేచిన పిమ్మట కీడు మరింత పెరిగెను. లండను నుండి పేద పిల్లలను బండ్లకెత్తి ఉత్తరదేశపు మిల్లులకు పంపిరి. 1802లో పార్లమెంటు ఒక చట్టము చేసి, అట్టి పిల్లల పని దినమునకు పండ్రెండు గంటలు మించరాదనియు, రాత్రి పని కూడదనియు, వారికి చదువు వ్రాత నేర్పవలెననియు విధించినది. పండ్రెండు గంటలే హద్దు అన్నచో అంతకు ముందు ఎంతయుండెనో విద్యార్థులే ఊహింపవచ్చును. ఆ చట్టమును అమలుపరచుటకు జీతముగల తనిఖీ అధికారులు లేరు. కనుక అది చాలవరకు కాగితము మీదనే నిలిచినది.

అనుభవము చేత వారు కొన్ని జాగ్రత్తలు నేర్చిరి. కొందరు ధర్మకర్తలు ప్రీమియమును ఒక్కమారుగా ఇయ్యక, సగము ఒప్పందపు దినమునను, మిగిలిన సగము కొంతకాలము గడచి పిల్లవాడు క్షేమముగా నున్నాడని తెలిసిన పిమ్మటను ఇచ్చిరి. ఇష్టము లేని గృహస్థులపై పిల్లలను బలవంతముగా రుద్దు పద్ధతి 1844లో రద్దయ్యెను. 1851లో మరియొక చట్టము వచ్చినది. పనికి పంపిన పదునారేండ్లలోపు పేద పిల్లల పేర్లను పట్టికలో వ్రాసి, అధికారి స్వయముగా పోయి వారిని చూచి రావలెనని అది విధించెను. 1870 నాటి విద్యాచట్టము తరువాత ప్రాథమిక పాఠశాలలు దేశమంతట వ్యాపించినవి, 1880లో హాజరు నిర్బంధమయ్యెను. అప్పటినుండి పసిపిల్లలను బడి మాన్పించి పనిలో పెట్టుట తగ్గినది. యంత్రములు వచ్చి పాత చేతిపనులు సన్నగిల్లగా, అనేక ధర్మనిధులు తమ సొమ్మును విద్యార్థి వేతనములకును, పనిముట్లు పుస్తకములు కొనియిచ్చుటకును మరలించినవి. అట్టి చిన్న నిధులు కొన్ని ఇంగ్లండు గ్రామములలో నేటికిని ఉన్నవి.

చెన్నపట్టణపు శరణాలయము

ఈ కథకును మన దేశమునకును సంబంధమేమని విద్యార్థులు అడుగవచ్చును. సంబంధము దగ్గరిదే. 1789లో చెన్నపట్టణమున ఎగ్మూరు నందు చందాల సొమ్ముతో మగపిల్లల అనాథ శరణాలయము ఒకటి తెరచిరి. ఐరోపా సైనికులకు ఈ దేశమున పుట్టి దిక్కులేక మిగిలిన బాలురు అందులో చేరిరి. దానిని నడపినవాడు ఆండ్రూ బెల్ అను స్కాట్లండు దేశీయుడు. ఈ పనికి ఆయన జీతము పుచ్చుకొనలేదు. ఉపాధ్యాయులు చాలక ఆయన చిక్కుపడుచుండగా, ఒక దేశీయ బడిలో పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుట కంటబడెను. మన అరుగు బడులలో తాతల నాటినుండి ఉన్న పద్ధతియే అది. ఆయన దానిని తన శరణాలయమున ప్రవేశపెట్టి, పెద్ద పిల్లలచే చిన్న పిల్లలకు పాఠములు చెప్పించెను. 1797లో ఈ ప్రయోగమును గూర్చి లండనులో పుస్తకము ప్రకటించెను. దానికి మద్రాసు పద్ధతి అని పేరు వచ్చి, 1811లో ఏర్పడిన నేషనల్ సొసైటీ ద్వారా ఇంగ్లండు పారిష్ పాఠశాలలలో వ్యాపించెను. మన వీథిబడి ఇసుక ఆంగ్ల గ్రామముల పేద పిల్లలకు అక్షరభిక్ష పెట్టినదని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఆ శరణాలయపు బాలురను పెరిగిన పిమ్మట వివిధ వృత్తులలో కుదిర్చెడివారు. 1794లో మైకేల్ టాపింగ్ అను అధికారి చెన్నపట్టణమున భూమికొలత పాఠశాలను స్థాపించి, శరణాలయమునుండి ఏరిన బాలురకు సర్వే విద్య నేర్పింప మొదలిడెను. ఆ బాలురలో జాషువా డి పెన్నింగ్ ఒకడు. విలియం లాంబ్టన్ 1802లో పరంగికొండ యొద్ద ఆధారరేఖను కొలిచి దక్షిణ దేశమంతటిని త్రికోణములతో కొలువ నారంభించినప్పుడు, డి పెన్నింగ్ ఆయనకు నమ్మిన సహాయకుడయ్యెను. తరువాత కలకత్తాలో సర్వే గణితపు పనిలో ముఖ్యుడయ్యెను. లాంబ్టన్ కొలిచిన మహాచాపము ఇంచుమించు 78వ తూర్పు రేఖాంశమును అనుసరించి పోయినది. పటము తీసి చూడుడు. ఆ రేఖ హోసూరుకు తూర్పున, కృష్ణగిరికి పడమట, మన నడుమనే పోవుచున్నది.

ఒక అనాథ బాలునికి ధర్మపు సొమ్ముతో నేర్పిన పని దేశపు కొలతకే ఉపయోగపడెను. అందుకు కారణమును గమనింపవలెను. వానికి కొలగొలుసు మోయుట మాత్రమే నేర్పలేదు, లెక్క కూడ నేర్పిరి. గొలుసు మాత్రమే నేర్చియున్నచో జీవితాంతము గొలుసు మోయువాడుగానే మిగిలియుండును.

తెలుగువారి ప్రయత్నములు

మన పల్లెలలో పని నేర్చుటకు పత్రము అక్కరలేకుండెను. కమ్మరి కొడుకు కొలిమి యొద్దను, సాలెవాని కొడుకు మగ్గము యొద్దను, కుమ్మరి కొడుకు సారె యొద్దను పెరిగిరి. తండ్రియే గురువు, ఇల్లే పాఠశాల. ఇందులో ప్రేమ కలదు, నైపుణ్యము కలదు. కాని మగ్గమును ప్రేమించిన కమ్మరి బిడ్డకు త్రోవ లేదు. ఏ వృత్తియు లేని కూలివాని బిడ్డకు నేర్పువాడే లేడు.

ఈ లోపమును తీర్ప తలపెట్టిన తెలుగువారిలో మచిలీపట్టణపు ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపకులు ముఖ్యులు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్య గార్లు 1910లో దానిని ప్రజల విరాళములతో నెలకొల్పిరి. అక్కడ సాహిత్యము, శాస్త్రములతోపాటు వడ్రంగము, నేత మొదలగు చేతిపనులను నేర్పిరి. చదువుకొనువాడు పనిని నీచముగా చూడరాదు, పనిచేయువాడు చదువునకు దూరము కారాదు అనుట వారి ఆశయము. ఆడపిల్లల విషయమున దుర్గాబాయి గారు 1937లో చెన్నపట్టణమున స్థాపించిన ఆంధ్ర మహిళా సభను తలపవలెను. ఆంగ్ల పారిష్‌లు ఆడపిల్లలకు అంట్లపనిని శిక్షణ యన్నవి. ఈ సభ మధ్యలో చదువు ఆగిన స్త్రీలను పరీక్షలకు సిద్ధపరచుచు, చేతిపనులను కూడ నేర్పి, తమ కాళ్లపై తాము నిలుచునట్లు చేసినది.

తొరపల్లి వారి పథకము

మన హోసూరు ప్రక్కనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన చక్రవర్తి రాజగోపాలాచార్యుల వారు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా 1953లో ఒక విద్యాపథకమును ప్రవేశపెట్టిరి. గ్రామములందలి ప్రాథమిక పాఠశాలలలో పిల్లలు దినమునకు మూడు గంటలు చదువుకొని, మిగిలిన కాలమున ఇంటివృత్తిని నేర్చుకొనవలెనని దాని సారాంశము. ఉన్న బడులలోనే రెట్టింపు పిల్లలకు చోటు దొరకుననియు, చేతిపనికి గౌరవము కలుగుననియు వారి వాదము. కాని చాకలి బిడ్డ చాకలిగా, మంగలి బిడ్డ మంగలిగా నిలిచిపోవునని రాష్ట్రమంతట ఆందోళన లేచినది. 1954లో రాజాజీ గారు పదవి విడిచిరి, వారి తరువాత వచ్చిన కామరాజు గారు పథకమును రద్దుచేసిరి.

ఈ చరిత్రను మేము చెప్పుట ఒక పెద్దమనిషిని నిందించుటకు కాదు. చేతిపని మంచిదే. పసితనమున, పిల్లవాని ఇష్టమును అడుగక, బడి గంటలను తగ్గించి ఇచ్చినప్పుడు ఆ మంచి చెడుగా మారుననుటయే ఇందలి పాఠము.

నేటి హోసూరు

1970లలో సిప్కాట్ పారిశ్రామికవాడ ఏర్పడిన తరువాత మన ప్రాంతపు రూపు మారినది. బండ్లు, గడియారములు, యంత్రభాగములు చేయు కర్మాగారములు వచ్చినవి. 1980లలో టైటన్ గడియారముల సంస్థ పాఠశాల చదువు ముగించిన పల్లెటూరి యువతీయువకులను ఎంచుకొని, సూక్ష్మమైన పనిని నేర్పి, హోసూరు కర్మాగారమున నియమించెను. రాగిచేల నడుమ పెరిగిన చేతులు గడియారపు పనికి తగవను భ్రమ అంతటితో తొలగెను.

నేడు పని నేర్చుటకు వలసిన నియమములు 1961 నాటి అప్రెంటిస్ చట్టమున ఉన్నవి. తల్లిదండ్రులు వానిని తెలిసికొనుట అవసరము. పదునాలుగేండ్లు నిండని బిడ్డను అప్రెంటిసుగా చేర్చుకొనరాదు. ప్రమాదకరమైన పరిశ్రమలకు సంబంధించిన పనులలో పదునెనిమిదేండ్లు నిండవలెను. ఒప్పందము వ్రాతమూలకముగా నుండవలెను. బిడ్డ మైనరైనచో తండ్రి గాని సంరక్షకుడు గాని సంతకము చేయవలెను, ఆ ఒప్పందము నమోదు కావలెను. పూర్వము యజమానికి ప్రీమియము ముట్టెడిది. నేడు యజమానియే అప్రెంటిసుకు నెలనెల వేతనమును ఇయ్యవలెను. ఈ ఒక్క మార్పు నాలుగు వందల ఏండ్ల అనుభవపు ఫలము.

కాని రెండు సంగతులు మరువరాదు. శిక్షణ ముగిసిన పిమ్మట ఉద్యోగమిచ్చి తీరవలెనని చట్టము యజమానిని నిర్బంధింపదు. ఒప్పందములో అట్టి మాట యున్ననే ఆ హక్కు కలుగును. యజమాని తప్పిదముచే ఒప్పందము తెగినచో పరిహారము దొరకును, మనవాడు నడుమ విడిచిపోయినచో ఖర్చును తిరిగి చెల్లింపవలసి రావచ్చును. కావున సంతకమునకు ముందు ప్రతి పంక్తిని చదువవలెను.

ఇక్కడనే మన తెలుగువారి ప్రత్యేకమైన కష్టము ఎదురగును. పత్రము తమిళముననో ఆంగ్లముననో ఉండును. తండ్రికి చదువ వచ్చినది తెలుగు, పెక్కు ఇండ్లలో అదియును లేదు. ఇట్టి చోట బడిలో మూడు భాషల అక్షరములు నేర్చిన బిడ్డయే ఇంటికి కన్ను. తెలుగు మాధ్యమమున చదివినవాడు పనిశాలలో వెనుకబడునని కొందరు భయపడుదురు. యంత్రము ఏ భాషలో మాటాడునని మేము వారిని అడుగుదుము. కొలత, కోణము, దశాంశము అమ్మభాషలో గట్టిగా తెలిసినవాడు వాని తమిళ, ఆంగ్ల నామములను కొలది మాసములలో నేర్వగలడు. లెక్క తెలియనివానికి మూడు భాషలలో పేర్లు చెప్పినను ప్రయోజనము లేదు. కనుక తెలుగున శ్రద్ధతో చదువుడు, రాష్ట్రభాషయైన తమిళమును సిగ్గుపడక నేర్వుడు, ఆంగ్లమును విడువకుడు.

తల్లిదండ్రులకు మా విన్నపము ఇది. బిడ్డను పనిలో చేర్చుట తప్పు కాదు. చేర్చి మరచుట తప్పు. ఆంగ్ల గ్రామములలో మంచి ధర్మకర్త రెండవ సగము సొమ్మును పిల్లవాని క్షేమము తెలిసిన పిమ్మటనే ఇచ్చెను. మన యొద్ద ఆ ధర్మకర్త స్థానము తల్లిదండ్రులదే. నెలకొకమారైనను పనిశాలకు పోయి చూడుడు. బిడ్డ ఏమి నేర్చెనో అడుగుడు. ఆరుమాసములైనను ఊడ్చుటయు టీ తెచ్చుటయు తప్ప మరేమియు నేర్వకున్నచో అది శిక్షణ కాదని తెలిసికొనుడు. ఊరి దాతలకు కూడ ఒక మాట. పండుగకు ఒక దినము అన్నదానము చేయుట పుణ్యమే. ఒక పేద బిడ్డకు పనిముట్ల పెట్టెయు, ఒక ఏటి బస్సు ఖర్చును ఇచ్చి, ఏడాది పొడుగున వాని బాగోగులు విచారించుటయు అట్టి పుణ్యమే.

విద్యార్థులు ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. ప్రీమియమును రెండు భాగములుగా ఇచ్చుట వలన పిల్లవానికి కలిగిన రక్షణ యేమి?

2. 1802 నాటి చట్టము ఎందువలన చాలవరకు విఫలమయ్యెను? 1851 నాటి చట్టము ఆ లోపమును ఎట్లు సవరింప జూచెను?

3. తండ్రి వృత్తిని కొడుకు నేర్చుటలో గల మేలును, లోపమును మీ ఊరి ఉదాహరణములతో వివరింపుడు.

4. మీ ఇంటి పెద్దలలో ఎవరు ఏ పనిని ఎవరి యొద్ద ఎన్ని ఏండ్లు నేర్చిరో అడిగి, తెలుగున ఒక పుట వ్రాయుడు. ఆ పనిలో వాడు పరికరముల తెలుగు పేర్లను తప్పక చేర్పుడు.